మెక్సికోవారి బియ్యపు పానకము

ఒక జాతివారి సంపదను వారి పండుగ భోజనమును చూచి గ్రహింపవచ్చును. వారి మర్యాదను గ్రహింపవలెనన్న, దప్పిగొని వచ్చినవానికి వారేమి ఇత్తురో చూడవలెను. ఎండనబడి వచ్చిన బాటసారికి తెలుగువారు మజ్జిగ నిత్తురు. శ్రీరామనవమినాడు చలువపందిళ్ళలో బెల్లపు పానకము పంచిపెట్టుదురు. భూగోళమున కావలి ప్రక్కనున్న మెక్సికో దేశమున అట్టి స్థానము నొక తెల్లని పానీయము పొందియున్నది. దాని పేరు ఓర్చాతా. నానిన బియ్యమును దాల్చినచెక్కతో కలిపి నూరి, నీటితో వడగట్టి, చక్కెర చేర్చి, చల్లబరచి త్రాగుదురు. చూపునకు పాలవలె నుండును. కాని అందు పాలుండవలసిన పని లేదు.

మెక్సికోలో ఏ యూరి సంతకు పోయినను పానీయముల యంగడి కనబడును. మన ఊరగాయ జాడీలకంటె పెద్దవైన గాజుపాత్రలు బల్లమీద వరుసగా నుండును. వానిని వీత్రొలేరో లందురు. ఒక పాత్రలో ఎర్రని నీరు, వేరొకదానిలో మట్టిరంగు నీరు, మూడవదానిలో తెల్లని నీరు. అడిగినవారికి పొడవైన గరిటెతో అడుగంట కలిపి గ్లాసులలో పోయుదురు. ఇట్టి పానీయములన్నిటికిని ఆగ్వా ఫ్రెస్కా, అనగా చల్లని నీరు, అని సామాన్యనామము.

ఎర్రని నీటిని వారు హమాయికా అందురు. అది మన యెర్ర గోంగూర జాతి మొక్కయే. తెలుగువారు దాని ఆకు తిందురు. వారు దాని కాయను చుట్టియుండు ఎర్రని రేకుల నెండబెట్టి, కాచి, చక్కెరతో త్రాగుదురు. మట్టిరంగు నీరు తమరిందో, అనగా చింతపండు రసము. 'హిందూదేశపు ఖర్జూరము' అని అరబ్బులు చింతపండునకు పెట్టిన పేరే స్పెయినుమీదుగా ఆ రూపమున మెక్సికో చేరినది. ఈ రెండింటి ప్రక్కనుండు తెల్లని నీరే ఓర్చాతా. మనకు నిత్యపరిచితములైన బియ్యము, దాల్చినచెక్క, చక్కెర అను మూడు వస్తువులతో నేర్పడిన ఈ పానీయము మనకు పరిచితము కాకపోవుట వింత. ఈ మూడింటిలో నొక్కటియు మెక్సికో మట్టిలో పుట్టినది కాకపోవుట అంతకంటె వింత.

పేరులోని యవలు

ఓర్చాతా అను మాటకు మూలము వెదకబోయిన బియ్యము కనబడదు, యవలు కనబడును. లాటిన్ భాషలో యవలకు హోర్డెయుమ్ అని పేరు. యవలతో చేసిన పానీయము హోర్డెయాతా. ఇటలీవారి ఓర్జాతా, ఫ్రెంచివారి ఓర్ఝా, స్పెయినువారి ఓర్చాతా, ఇవన్నియు ఆ మాటనుండి పుట్టిన తోబుట్టువులు. కాలక్రమమున స్పెయిను తూర్పుతీరమందలి వలెన్సియా ప్రాంతమున యవల స్థానమును చూఫా అను చిన్నచిన్న దుంప లాక్రమించినవి. చూఫా మన పొలములలో మొలచు తుంగకు దగ్గరి చుట్టము. మన తుంగముస్తె చేదుగా నుండి వైద్యునకు పనికివచ్చును. చూఫా తీయగా నుండి వంటింటికి పనికివచ్చును. వలెన్సియా నగరమునకు చేరువనున్న అల్బొరాయా ఈ చూఫా పానీయమునకు నేటికిని ప్రసిద్ధి వహించియున్నది.

పేరునుగూర్చి వలెన్సియావారు చెప్పుకొను కథ యొకటి కలదు. 1238వ సంవత్సరమున ఆ నగరమును జయించిన హైమే రాజునకు ఒక పల్లెపిల్ల ఈ పానీయము నిచ్చెనట. రాజు రుచిచూచి, "ఇది బంగారము, పిల్లా" అనెనట. వారి భాషలో బంగారమునకు 'ఓర్' అనియు, పిల్లకు 'చాతా' అనియు పేరు. రెండును కలసి ఓర్చాతా అయినదట. కథ ముచ్చటగా నున్నది. కాని ఊళ్ళపేర్లకు మన స్థలపురాణములు చెప్పు వ్యుత్పత్తులవంటిదే ఇదియును. మాట పుట్టినది యవలనుండియే.

స్పెయినువారు సముద్రము దాటి మెక్సికో చేరినప్పుడు చూఫా స్థానమున బియ్యము వచ్చినది. యవలు పోయి చూఫా, చూఫా పోయి బియ్యము. పేరు మాత్రము నిలిచినది. ఇందు తెలుగువారు విస్మయపడవలసిన దేమియు లేదు. నూనె అనగా మొదట నువ్వుల నెయ్యి. నువ్వుల సంబంధ మేమియు లేకయే వేరుసెనగ నూనె, కొబ్బరినూనె అని నిత్యము పలుకుచున్నాము. సంస్కృతమున తైలశబ్దమును తిలలనుండియే పుట్టినది. పదార్థము మారినను పని మారనప్పుడు, ఆ పనినే పట్టుకొని పేరు నిలుచును.

మూడు వస్తువులు, మూడు దారులు

బియ్యము ఆసియాఖండపు పంట. 711వ సంవత్సరమున స్పెయినులో కాలూనిన మహమ్మదీయుల పాలనలో, కాలువలతో తడిసిన వలెన్సియా పల్లపు నేలలలో వరి పండసాగినది. బియ్యమునకు స్పానిష్ భాషలోగల 'అర్రోస్' అను పేరు అరబ్బీనుండి వచ్చినదే. చక్కెర కథయు నిట్టిదే. సంస్కృతమున శర్కర, పారశీకమున షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్. ఒక్క మాటను పట్టుకొని పోయిన చాలును, చెరకు నడచిన దారి యంతయు తెలియును.

దాల్చినచెక్క దారి మాత్రము నెత్తుటితో తడిసినది. దానిలో మిక్కిలి మేలైన జాతికి పుట్టినిల్లు సింహళము. తెలుగున వాడుకలోనున్న దాల్చిన శబ్దమునకు పారశీకములోని 'దార్‌చీనీ', అనగా చీనాదేశపు కొయ్య, మూలము. స్పెయినువారు దానిని కనేలా అందురు. చిన్న గొట్టము అని ఆ మాటకర్థము. ఎండిన పట్ట గొట్టమువలె చుట్టుకొనుటచే ఆ పేరు వచ్చినది. 1505వ సంవత్సరమున సింహళమున కాలుపెట్టిన పోర్చుగీసువారును, 1658నాటికి వారిని వెడలగొట్టిన డచ్చివారును ఈ పట్టకొరకే ఆ తీరమును పట్టుకొని వ్రేలాడిరి. పట్ట నొలుచు సలాగమ కులమువారిచే నిర్బంధముగా పని చేయించుకొనిరి. స్పెయినువారును ఊరకుండలేదు. దక్షిణ అమెరికాలో కీటో నగరమునకు తూర్పున దాల్చిన వనములు కలవని విని, 1541వ సంవత్సరమున గొన్సాలో పిసార్రో పెద్ద దండుతో అడవులలో ప్రవేశించెను. ఆకలిచేతను రోగములచేతను వేలకొలది జనులు మడసిరి. ఆశించిన వనములు మాత్రము దొరకలేదు.

అంతకుముందే, 1521వ సంవత్సరమున, కోర్టెస్ ఆజ్టెక్కుల రాజధానియగు తెనోచ్తిత్లాన్ నగరమును నేలమట్టము చేసియుండెను. 1520లో ప్రవేశించిన మశూచి ఆయుధములకంటె ఎక్కువమందిని చంపెను. తరువాత కోర్టెస్ మెక్సికోలో చక్కెర గానుగలు పెట్టించెను. చెరకుతోటలలో పనికి ఆఫ్రికానుండి బానిసలను తెచ్చిరి. 1565 మొదలు 1815 వరకు, రెండువందల యేబది సంవత్సరములు, ఫిలిప్పీనులలోని స్పెయినువారి నౌకలు పసిఫిక్ సముద్రము దాటి మెక్సికోలోని అకపుల్కో రేవు చేరుచుండెను. వెండి ఇటు వచ్చెడిది. పట్టు, పింగాణి, సుగంధద్రవ్యములు అటు పోయెడివి.

సరకులతోపాటు మనుష్యులును పోయిరి. మన దేశమున పుట్టిన మీర్రా అను బాలిక పోర్చుగీసు సముద్రపు దొంగలకు చిక్కి, మనీలాలో అమ్ముడుపోయి, మెక్సికోలోని పుయెబ్లా నగరము చేరెను. కతరీనా దె సాన్ హువాన్ అను క్రైస్తవనామముతో అచ్చట జీవించి, పుణ్యస్త్రీయని పేరొంది, 1688వ సంవత్సరమున మరణించెను. ఓర్చాతా గ్లాసులోని తీపియు పరిమళమును ఎట్టి కాలమునుండి వచ్చినవో మరువరాదు.

రోటికి ముందే రుచి యున్నది

పైనుండి వచ్చిన వస్తువు లన్నియు ఒక దేశమున నిలువవు. ఓర్చాతా మెక్సికోలో ఎందుకు నిలిచినది? దానికి కావలసిన చేతులును, రాతియు, అలవాటును అచ్చట ముందే సిద్ధముగా నుండుటచేతనే నిలిచినది.

స్పెయినువారి రాకకు వేలయేండ్లకు పూర్వమే మెక్సికో స్త్రీలు మొక్కజొన్నను నూరుకొనుచుండిరి. అందులకు వాడు రాయి మెతాతె. అగ్నిపర్వతపు నల్లరాతితో చెక్కి, మూడు కాళ్ళు నిలిపి, ముందునకు వాలుగా నుంచిన ఆ రాతిని చూచిన తెలుగు స్త్రీకి సన్నికల్లు తలపునకు రాకమానదు. దానికి తోడుగా రెండుచేతులతో పట్టి నూరుటకు పొత్రమును కలదు. నూరిన మొక్కజొన్న ముద్దను నీటిలో కలిపి కాచిన జావ అతోలె. అది ఆజ్టెక్కుల నిత్యాహారములలో నొకటి. గింజను నీటిలో నానబెట్టుట, రాతిపై నూరుట, జావగా త్రాగుట వారికి తల్లిపాలతో వచ్చిన విద్య. కాబట్టి బియ్యము వచ్చినప్పుడు వారు క్రొత్తగా నేర్చినది స్వల్పము. జొన్న స్థానమున బియ్యము నుంచిరి, కాచుట మానిరి, కనేలా చేర్చిరి. పేరు స్పెయినుది. పని మెక్సికోది.

ఈనాటికిని మెక్సికోవారి వంటలో దాల్చినచెక్కకు గల చనవు చెప్పనలవి కాదు. కాఫీలో, చాక్లెట్టులో, అతోలెలో, పాలబియ్యపు పాయసములో అది యుండవలసినదే. శ్రీలంకనుండి దాల్చినచెక్కను విశేషముగా కొను దేశములలో మెక్సికో ఒకటి.

ఇంట చేయు విధానము

ఓర్చాతాకు కావలసినవి తెల్లని పచ్చిబియ్యము ఒక గ్లాసు, అనగా సుమారు 200 గ్రాములు, రెండంగుళముల దాల్చినచెక్క, చక్కెర 100 మొదలు 150 గ్రాములు, కాచి చల్లార్చిన నీరు లీటరున్నర. ఇది ఆరుగురికి సరిపోవును. కలిగినవారు పది పండ్రెండు బాదముపప్పులు నానబెట్టి పొట్టుతీసి చేర్చుకొందురు. చిక్కదనము దానివలన కలుగును. లేకున్నను లోపము లేదు.

బియ్యము పాతవై, పొడుగుగింజవై యుండుట మేలు. ఉప్పుడు బియ్యము తగవు. వడ్లలోనే ఒకసారి ఉడికిన బియ్యమగుటచే దాని పిండి గట్టిపడి, నూరినప్పుడు తెల్లని పాలు సరిగా దిగవు. సువాసన బియ్యమును వాడవచ్చును గాని, దాని వాసనయు దాల్చిన వాసనయు పోరాడుకొనును.

దాల్చినచెక్క విషయమున కొంచెము వివరము అవసరము. సింహళపు దాల్చిన కాగితమువలె పలుచని పొరలు పొరలుగా చుట్టుకొని, వ్రేళ్ళతో నలిపిన పొడియగును. దాని ఘాటు మృదువైనది. మన యంగళ్ళలో సామాన్యముగా దొరకు పట్ట వేరు జాతికి చెందినది. అది దళసరిగా, గట్టిగా, ఒకే మడతగా నుండును, ఘాటు హెచ్చు. అందు కూమరిన్ అను పదార్థము ఎక్కువగా నుండును. దానిని నిత్యమును అధికముగా పుచ్చుకొనుట కాలేయమునకు మంచిది కాదు. కాబట్టి ఆ పట్టనే వాడవలసివచ్చినచో ఒక అంగుళము చాలును.

మొదట బియ్యమును రెండుమూడు మారులు కడుగవలెను. మెక్సికోలో కొందరు బియ్యమును, దాల్చినచెక్కను పెనముపై కొంచెము వెచ్చచేయుదురు. పరిమళము పైకి వచ్చుటకు ఇది మంచి యుపాయమే గాని, రంగు మారనీయరాదు. తరువాత రెండింటిని ఒక పాత్రలో వేసి, అర లీటరు గోరువెచ్చని నీరు పోసి మూతపెట్టవలెను. మరుగు నీరు పోయరాదు. బియ్యపు పిండి సుమారు 70 డిగ్రీల వేడికి ఉబ్బి జిగురుపడును. అప్పుడది పానీయము కాదు, జావ. పాలవలె పలుచగా నుండుటయే ఓర్చాతా గుణము. ఆ గుణము పిండి ఉడుకకుండుటపై ఆధారపడియున్నది.

నానుటకు రాత్రియంతయు విడుచుట మెక్సికోవారి ఆచారము. తెలుగునేల వేసవిలో ఆ విధముగా బయట విడిచిన నీరు తెల్లవారునప్పటికి పులియును. తరవాణి చేయువారికది కావలసినదే కాని ఓర్చాతాకు పనికిరాదు. కావున చల్లని పెట్టెలో నుంచి రాత్రియంతయు నాననీయవలెను. అది లేనివారు నాలుగైదు గంటలలో పని ముగించుకొనవలెను. గింజను గోటితో నొక్కిన విరుగునట్లు నానిన చాలును. అరిసెలకు బియ్యము నానబెట్టు ఇల్లాండ్రకు ఈ గుర్తు చెప్పనక్కరలేదు.

నానిన నీటిని పారబోయరాదు. పరిమళము సగము అందే యుండును. ఆ నీటితోనే బియ్యమును, చెక్కను, బాదమును కలిపి మెత్తగా రుబ్బవలెను. చెక్క గట్టిదైనచో మూడువంతులు తీసివేసి, మిగిలిన దానిని మాత్రము రుబ్బుట మేలు. రుబ్బినదానిలో మిగిలిన నీటిలో సగము పోసి, కలిపి, గుడ్డతో వడగట్టవలెను. వడగట్టుటకు మెక్సికోవారు వాడు పలుచని నూలుగుడ్డకు వారి భాషలో 'ఆకాశవస్త్రము' అని యర్థము వచ్చు పేరు కలదు. మూటకట్టి మెల్లగా పిండవలెను. బలముగా పిండిన రవ్వ గుడ్డలోనుండి జారి, త్రాగునప్పుడు నాలుకకు ఇసుకవలె తగులును. ఒకమారు చాలనిచో రెండుమార్లు వడగట్టవలెను. గుడ్డలో మిగిలిన పిప్పిని దోసెలపిండిలో కలుపుకొనవచ్చును.

వడగట్టిన పాలలో చక్కెర కరగించి, తక్కిన నీరు పోయవలెను. తీపి కొంచెము హెచ్చుగానే యుండవలెను. చల్లబడినప్పుడు నాలుకకు తీపి తక్కువగా తోచును. కొందరు ఒక చెంచా వెనీలా సారము చేర్చుదురు. ఈ పానీయములో మెక్సికో పుట్టినింటి వస్తు వేదైన నున్నచో అది ఇదియే. వెరాక్రూజ్ ప్రాంతపు తొతొనాక్ జాతివారు అడవితీగలనుండి పెంపుచేసిన కాయ వెనీలా. దాని పువ్వులను చేతితో పరాగపరచు సులభోపాయమును 1841లో రెయూనియన్ దీవిలో ఎడ్మండ్ అల్బియస్ అను పండ్రెండేండ్ల బానిసబాలుడు కనుగొన్న తరువాతనే ఆ తీగ ప్రపంచమంతట కాయ కాచినది.

చివరకు చల్లని పెట్టెలో రెండు గంటలుంచి, గ్లాసులలో పోసి, పైన చిటికెడు దాల్చినపొడి చల్లి ఈయవలెను. పోయుటకు ముందు ప్రతిమారును అడుగునుండి కలుపవలెను. బియ్యపు పిండి చల్లని నీటిలో కరగదు. తేలియాడుచు క్రమముగా అడుగునకు దిగును. పది నిమిషములు కదపక యుంచిన పైన పలుచని నీరు, క్రింద తెల్లని మడ్డి నిలుచును. సంతలలోని గరిటె ఊరక వ్రేలాడుచుండుటకు కాదు. చేసినదానిని చల్లగా నుంచి రెండుదినములలో త్రాగివేయవలెను. పుల్లని వాసన వచ్చినచో పారబోయవలెను. పచ్చిబియ్యపు నీరగుటచే ఇందు ఉపేక్ష కూడదు.

ఊరూరికొక రీతి

మెక్సికో ప్రాంతములన్నింటను ఓర్చాతా ఒకే విధముగా నుండదు. కొన్నియెడల పాలు పోయుదురు. తీరప్రాంతములందు కొబ్బరి కలుపుదురు. కొందరు బియ్యమునకు బదులు, పండు తినినపిదప పారవేయు ఖర్బూజా గింజలనే కడిగి, రుబ్బి, వడగట్టుదురు. దేనిని వ్యర్థము చేయని ఇల్లాలి నేర్పు అందు కనబడును. దక్షిణమందలి వహాకా నగరపు సంతలో తెల్లని ఓర్చాతాపై నాగజెముడు పండ్ల ఎర్రని గుజ్జు వేసి, ఖర్బూజా ముక్కలు, అక్రోటు పలుకులు చల్లుదురు. తెలుపుపై ఎరుపు జారుచుండగా ఆ గ్లాసు చూచుటకే వేడుకగా నుండును.

మెక్సికో దాటి దక్షిణమునకు పోయిన కొలది పేరు నిలిచి పదార్థము మరల మారును. ఎల్ సాల్వడోరు దేశమున మొర్రో అను చెట్టు గింజలతోను, ప్వెర్తోరికో దీవిలో నువ్వులతోను ఓర్చాతా చేయుదురు. ఈక్వడోరులోని లోహా ప్రాంతమున ఓర్చాతా అనగా పలువిధముల ఆకులు, పువ్వులు కాచిన ఎర్రని కషాయము. అందు గింజయే లేదు.

సమరియా స్త్రీ శుక్రవారము

ఈ పానీయమునకుగల గౌరవమును చూడవలెనన్న వహాకాలో ఈస్టరుకు ముందువచ్చు నలువదిదినముల ఉపవాసకాలమునందు, నాలుగవ శుక్రవారమునాడు చూడవలెను. ఆ దినమునకు సమరియా స్త్రీ పేరు పెట్టుకొనిరి. దప్పిగొని బావికడ కూర్చున్న ఏసు, నీళ్ళకు వచ్చిన సమరియా స్త్రీని నీరిమ్మని యడిగిన కథ క్రైస్తవుల సువార్తలో కలదు. యూదులకును సమరియావారికిని పొత్తులేని కాలమది. అయినను అడుగుట జరిగినది. ఆ సంఘటనకు గుర్తుగా వహాకావారు గుడుల ముంగిళ్ళలోను, వీధులలోను, బడులలోను కుండలను పూలతో, కొమ్మలతో నలంకరించి, దారినిపోవువారందరికి ఓర్చాతాయు, తక్కిన పానీయములును ఉచితముగా పోయుదురు. కులమేది, మతమేది, ఊరేది అని యడుగువారుండరు. ఎండకాలము ప్రవేశించు దినములవి. మన యూళ్ళ చలివేంద్రమును ఎరిగినవారికి దీని యర్థము వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఏ రాజ్యములు బియ్యమును, చక్కెరను, దాల్చినచెక్కను మెక్సికోకు తెచ్చినవో ఆ రాజ్యములు వానిని లాభముకొరకు తెచ్చినవి. జయింపబడినవారి బిడ్డల బిడ్డలు ఆ మూడింటిని కలిపి అడిగినవానికి వెలలేక పోయుచున్నారు. చరిత్రలో జరిగిన అన్యాయము దీనిచే మాసిపోదు. కాని చేదు చేతికి వచ్చినప్పుడు దానితో నేమి చేయవచ్చునో ఈ ఆచారము చూపుచున్నది.

ఎవరిది ఈ పానీయము?

ఇది మాది, అది వారిది అని ఆహారమునుగూర్చి పంతములు పట్టువారు అన్ని దేశములందును గలరు. ఓర్చాతా వారిని కొంచెము తికమక పెట్టును. పేరు రోమకులది, వరిసాగు అరబ్బులు నేర్పినది, బియ్యము, చక్కెర ఆసియావి, దాల్చినచెక్క సింహళముది. అయినను దానిని మెక్సికోది కాదనగలవా డెవడు? ఇట్టి లెక్క పెట్టబోయిన తెలుగువాడు మొదట తన యింటి కారపు డబ్బాను తీసి చూచుకొనవలెను. గుంటూరునకు పేరు తెచ్చిన మిరపకాయ మెక్సికో ప్రాంతమున పుట్టి, పోర్చుగీసువారి నౌకలలో మన దేశమునకు వచ్చినది. దాని రాకకు పూర్వము తెలుగువాని కూరలో కారము మిరియములదే. నేడు మిరపకాయ లేని ఆవకాయను ఊహింపగలవా రెవరు? వస్తువు పుట్టిన చోటు ఒకటి. దానిని తనది చేసుకొన్న చేయి ఒకటి. తరతరములుగా నానబెట్టి, నూరి, వడగట్టి, నలుగురికి పెట్టినవారిదే ఆ వంట.

ఈ దృష్టితో చూచిన, నేడు ఓర్చాతాకు వచ్చిన చిక్కు వేరు. పొడిగాను, చిక్కని పాకముగాను సీసాలలో అది అంగళ్ళలో దొరకుచున్నది. నీటిలో కలిపిన చాలును. తీరిక లేనివారికది సౌకర్యమే. నిందింపవలసిన పని లేదు. టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు అచ్చటి మెక్సికో భోజనశాలలలో ఈ తెల్లని గ్లాసును తరచుగా చూచుచుందురు. అది సంచిలోని పొడిదో, రాత్రి నానిన బియ్యముదో ఒక గుక్కలోనే తెలిసిపోవును. పొడిలో తీపి యుండును, పరిమళమును ఉండును. రేపు రాబోవు అతిథిని తలచి ఈ రాత్రియే బియ్యము కడుగు ఆలోచన మాత్రము అందుండదు. ఆ యాలోచన పోయినపిదప వంట మిగులును గాని, ఆచారము మిగులదు. మన యిండ్లలో పానకమునకును, మజ్జిగకును, తరవాణికిని ఇట్టి దినమే వచ్చినదా అని అడుగుకొనుట అప్రస్తుతము కాదు.

పాఠశాలలో భూగోళము చెప్పు ఉపాధ్యాయునకు ఈ పానీయము చక్కని పాఠము కాగలదు. ఉదయము బడి ప్రారంభమైనప్పుడు పిల్లలచేతనే ఒక గ్లాసు బియ్యమును, చిన్న చెక్కముక్కను నానబెట్టింపవలెను. అవి నానునంతసేపు గోడమీది పటముపై సింహళమునుండి లిస్బనునకు, వలెన్సియానుండి వెరాక్రూజునకు, మనీలానుండి అకపుల్కోకు, మెక్సికోనుండి గుంటూరునకు వ్రేలితో గీతలు గీయింపవలెను. మధ్యాహ్నపు గంట మ్రోగునప్పటికి గీతలును పూర్తియగును, బియ్యమును నానును. ఇక రుబ్బి, వడగట్టి, అడుగంట కలిపి, మొదటి గ్లాసును ఎవరి కీయవలెనో పిల్లలనే నిర్ణయింపనీయవలెను.